కొత్త సిస్టమ్‌లు కొనే ముందు ఒక్క పూట: డిజిటల్ శిల్పం నేర్పే సంస్థల నిర్వాహకులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో యానిమేషన్, గేమింగ్, లలితకళల కోర్సుల్లో భాగంగా డిజిటల్ శిల్పం నేర్పుతున్న కళాశాలల ప్రిన్సిపాళ్లకు, శిక్షణ సంస్థల నిర్వాహకులకు, ల్యాబ్ బాధ్యులకు నమస్కారం.

నేను పదకొండేళ్లుగా ఇలాంటి ల్యాబుల్లో కంప్యూటర్లు చూసుకునే పని చేస్తున్నాను. అంతకుముందు కొన్నాళ్లు మట్టితోనూ ప్లాస్టర్‌తోనూ బొమ్మలు చేసినవాణ్ణి కాబట్టి, తెరమీద బొమ్మను చెక్కే బ్రష్ ఆలస్యంగా కదిలితే విద్యార్థి చేతికి ఎలా ఉంటుందో నాకు తెలుసు. మట్టిలో వేలు నొక్కిన చోట అప్పటికప్పుడు గుంట పడుతుంది. ఆ నమ్మకం మీదే చెయ్యి తర్వాతి కదలికకు సిద్ధమవుతుంది. తెరమీద అదే గుంట అర సెకను ఆలస్యంగా పడితే, పడలేదేమోనని చెయ్యి అదే చోట మరో రెండుసార్లు రుద్దుతుంది, ఆ రుద్దిందంతా కాసేపటికి ఒక్కసారిగా వచ్చి పడేసరికి బొమ్మ ముక్కు చెంపలోకి దిగిపోతుంది. ఇలా ఒక సెమిస్టర్ గడిస్తే విద్యార్థి తన చేతినే అనుమానించడం మొదలుపెడతాడు.

విద్యార్థి చెప్పే ‘సిస్టమ్ స్లోగా ఉంది సార్’ అన్న మాట మీ బల్ల మీదికి చేరేసరికి కొత్త కంప్యూటర్ల కొటేషన్‌గా మారిపోవడం నేను చాలాచోట్ల చూశాను. కొటేషన్ దాకా పోని చోట ‘ర్యామ్ వేయించండి’ అంటారు, అదీ కాకపోతే విండోస్ మళ్లీ కొట్టిస్తారు. తలగడ మార్చితే తలనొప్పి పోదని అందరికీ తెలిసినా, కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ముందు తలగడే మారుస్తాం. ఫిర్యాదుకూ కొటేషన్‌కూ మధ్య ఒక్క పూట పరీక్షకు చోటివ్వమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఆ పరీక్ష ఏమిటో, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఎక్కడ చూడాలో నాకు తెలిసినంతవరకు ఇక్కడే చెబుతాను.

రెండేళ్ల కిందట ఒక సంస్థవారు, దసరా సెలవుల తర్వాత తమ ల్యాబ్‌లో బ్లెండర్ అనే శిల్పం సాఫ్ట్‌వేర్ మొత్తం మందగించిందని నన్ను పిలిచారు. 20 డెస్క్‌టాప్‌లు, మూడేళ్ల పాతవి, చెడ్డవేమీ కావు. నేను వెళ్లేసరికే కొత్తవాటికి కొటేషన్ తెప్పించి పెట్టుకున్నారు. అంతకుముందు వచ్చిన టెక్నీషియన్ రెండింటికి విండోస్ మళ్లీ కొట్టి, ఫలితం లేక వెళ్లిపోయాడు. ఒక అమ్మాయి నరసింహస్వామి తలకు జూలు చెక్కుతోంది. ఆమె చేతిలో పెన్ను చెవి దగ్గరికి చేరినా తెరమీద గాడి ఇంకా నుదుటి మీదే ఉంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి చూస్తే, జీపీయూ (అంటే గ్రాఫిక్స్ చిప్పు) 0 అని ఉన్న, ప్రాసెసర్‌తో కలిసే వచ్చే ఇంటెల్ గ్రాఫిక్స్ ఊపిరాడనంత పనిలో ఉంది, జీపీయూ 1 అని ఉన్న, విడిగా వేసిన ఎన్విడియా కార్డు సున్నా శాతం దగ్గర ఖాళీగా కూర్చుంది. సిస్టమ్ వెనక్కి వంగి సెల్‌ఫోన్ టార్చి వేసి చూశాను. మానిటర్ నుంచి వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్ కింద గ్రాఫిక్స్ కార్డుకు ఉన్న పోర్టులో కాకుండా, పైన మదర్‌బోర్డుకు ఉన్న పోర్టులో ఉంది, అందుకే పనంతా ఇంటెల్ గ్రాఫిక్స్ మీద పడింది. ఆయుధపూజకు సిస్టమ్‌లన్నీ విప్పి, తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, మళ్లీ తగిలించినప్పుడు చేతికి ముందుగా తగిలిన పోర్టులో పెట్టేశారు. 20లో 17 అలాగే ఉన్నాయి. అన్నీ మార్చడానికి 25 నిమిషాలు పట్టింది, అందులో సగం బల్లల కింద బ్యాగులు పక్కకు జరపడానికే పోయింది.

ఆ రోజు కేబుల్ దొరకడం కంటే, దాని దాకా నన్ను నడిపించిన ఆనవాలు ముఖ్యమని నా అభిప్రాయం. అదే ల్యాబ్‌లో, అవే సిస్టమ్‌లలో జీబ్రష్ అనే మరో శిల్పం సాఫ్ట్‌వేర్ మాత్రం ఎప్పటిలాగే నడుస్తోందని విద్యార్థులే చెప్పారు. ఈ మాట విన్నాక ర్యామ్‌నూ ప్రాసెసర్‌నూ అనుమానించాల్సిన అవసరం దాదాపు లేకుండా పోయింది. పిక్సోలాజిక్ తయారుచేసి, 2022 నుంచి మాక్సన్ చేతిలో ఉన్న జీబ్రష్, డెస్క్‌టాప్ మీద చెక్కే పనినీ, చెక్కినదాన్ని తెరమీద చూపే పనినీ ప్రాసెసర్‌తోనే చేయించుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఎంత ఖరీదైనదైనా దానికి పెద్దగా ఉపయోగం లేదు. బ్లెండర్ అలా కాదు. బ్రష్ కింద ఏ బిందువు ఎంత జరగాలన్న లెక్క ప్రాసెసర్ కడుతుంది, ఆ బిందువుల మధ్య బొమ్మ ఉపరితలాన్ని కట్టే లక్షల చిన్న పలకలను (వీటినే ముఖాలంటారు) తెరమీద గీసే పని గ్రాఫిక్స్ కార్డు చేస్తుంది. కాబట్టి జీబ్రష్ బాగుండి బ్లెండర్ ఒక్కటే నత్తనడక నడుస్తుంటే ముందు గ్రాఫిక్స్ వైపు చూడాలి, రెండూ కలిసి మందగిస్తే ప్రాసెసర్, ర్యామ్, వేడి, కరెంటు వైపు చూడాలి. ఇంత చిన్న భేదం తెలియకపోవడం వల్ల ఎంత డబ్బు వృథా అవుతోందో నేను కళ్లారా చూశాను: జీబ్రష్ మాత్రమే నేర్పే మరో ల్యాబ్‌లో ప్రతి సిస్టమ్‌కూ మంచి గ్రాఫిక్స్ కార్డు కొని పెట్టి, ర్యామ్ మాత్రం 8 జీబీ ఒక్క స్టిక్‌తో వదిలేశారు. గ్రాఫిక్స్ కార్డును వాడుకునే రెడ్‌షిఫ్ట్‌తో రెండరింగ్ (చెక్కిన బొమ్మకు వెలుగునీడలతో తుది చిత్రం తీయడం) నేర్పుతుంటే ఆ కార్డులకు పని దొరికేదేమో గానీ, అక్కడ అదీ నేర్పడం లేదు. రెండో 8 జీబీ స్టిక్ వేయగానే, ర్యామ్ రెట్టింపు కావడంతో పాటు రెండు చానళ్లలో పనిచేయడం మొదలై, పరిస్థితి కుదుటపడింది. ర్యామ్ వేయించమనే సలహా తప్పని నేను అనడం లేదు, చూడకుండా ఇవ్వడమే తప్పంటున్నాను.

మా ఊళ్లో పాతకాలపు ఆర్‌ఎంపీ డాక్టరు జ్వరమని చెప్పగానే మందు ఇచ్చేవాడు కాదు. పొద్దున వస్తోందా, రాత్రి వస్తోందా, ఉండి ఉండి వస్తోందా, చలితో వస్తోందా అని అడిగేవాడు. సాఫ్ట్‌వేర్ మందగించినప్పుడు కూడా ‘ఎంత’ కంటే ‘ఎప్పుడు’ అన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. ఫైలు తెరిచినప్పటి నుంచీ ఒకేలా మెల్లగా ఉంటే అది ఒక కథ. మొదటి పావుగంట చక్కగా నడిచి తర్వాత మందగిస్తే అది వేడి కథ. బాగా నడుస్తూ నడుస్తూ కొన్ని నిమిషాలకోసారి పది సెకన్లు కొయ్యబారిపోతే అది ఫైలు సేవ్ అవుతున్న కథ, అంటే హార్డ్ డిస్క్‌దో, యాంటీవైరస్‌దో, ఆ ఫోల్డరును అప్పటికప్పుడు క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్న వన్‌డ్రైవ్ లాంటి సదుపాయానిదో అయి ఉంటుంది. పెన్నుతో గీస్తే ఆలస్యమై, మౌస్‌తో గీస్తే చకచకా వస్తుంటే శిల్పం సాఫ్ట్‌వేర్‌కు ఏ జబ్బూ లేదు, పెన్ను ట్యాబ్లెట్‌ను నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్‌కు, అంటే దాని డ్రైవరుకు ఉంది. ఈ చివరి పరీక్షకు పట్టేది పది సెకన్లు. అయినా పెన్ను పక్కన పెట్టి ఒక్కసారి మౌస్‌తో గీసి చూశారా అని నేను అడిగినప్పుడు ‘చూశాం’ అన్నవాళ్లు ఇప్పటివరకు ముగ్గురో నలుగురో.

పెన్ను సంగతి ఎత్తాను కాబట్టి విండోస్ గురించి ముందు చెబుతాను, మీ ల్యాబుల్లో ఎక్కువ ఉన్నవి అవే. వేకమ్, హుయాన్, ఎక్స్‌పీ-పెన్ ట్యాబ్లెట్లను మార్చి మార్చి వాడిన సిస్టమ్‌లలో పాత డ్రైవరు తీయకుండానే కొత్తది ఎక్కించి ఉంటారు, ఆ రెండూ ఒకే పెన్ను కోసం కొట్లాడుకుంటాయి. అన్నీ తీసేసి, రీస్టార్ట్ చేసి, ఇప్పుడు వాడుతున్న ట్యాబ్లెట్ డ్రైవరు ఒక్కటే వేయాలి. పెన్ను ఆనించగానే తెరమీద చిన్న వలయం కనిపించి, ఆ తర్వాత గీత మొదలవుతుంటే, పెన్ను నొక్కి పట్టుకోవడాన్ని విండోస్ రైట్ క్లిక్‌గా అర్థం చేసుకుంటోందన్నమాట. ఆ సదుపాయాన్ని ఆపేయాలి. బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ కింద పెన్ను కదలికలను అందుకోవడానికి విండోస్ ఇంక్, విన్‌ట్యాబ్ అని రెండు దారులు కనిపిస్తాయి, ఒకటి మొరాయిస్తే రెండోది ప్రయత్నించవచ్చు. ల్యాప్‌టాప్‌లలో కేబుల్ గొడవ లేకపోయినా దానికి సమానమైన గొడవ ఒకటుంది: ఇంటెల్ గ్రాఫిక్స్, ఎన్విడియా గ్రాఫిక్స్ రెండూ ఉన్నప్పుడు బ్లెండర్‌ను బ్యాటరీ పొదుపు కోసం మొదటిదానికే అప్పగించేసి ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ దాకా వెళ్లి, అక్కడ బ్లెండర్‌ను చేర్చి, హై పెర్ఫార్మెన్స్ అని ఎంచుకుంటే ఆ సమస్య తీరుతుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది కాబట్టి చాలా ల్యాబుల్లో విండోస్ 11 కొత్తగా ఎక్కిస్తున్నారు. అలా ఎక్కించిన తర్వాత డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ల కింద మీ కార్డు పేరుకు బదులు ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే, అసలు డ్రైవరు పడలేదని అర్థం. ఇల్లు పీకి పందిరి వేసినంత పని చేసి, చివరి గుంజ పాతడం మరిచిపోయినట్టే.

హాస్టల్ నుంచి సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకునే విద్యార్థుల విషయంలో ఛార్జరును కూడా చూడమని మనవి. గేమింగ్ ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఇటుకంత ఛార్జరు మోయలేక, స్నేహితుడి దగ్గరున్న చిన్నది తగిలిస్తారు. ఛార్జింగ్ గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, కానీ దానికి కావలసిన వాట్లు అందక ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ వేగం తగ్గించుకుంటాయి. ఏసీ ఆపేసిన ల్యాబ్‌లో మే నెల మధ్యాహ్నం, ఫ్యాన్ రెక్కల మధ్య రెండేళ్ల దుమ్ము పేరుకున్న ల్యాప్‌టాప్ కూడా అదే పని చేస్తుంది. చిప్పు తనను తాను కాపాడుకోవడం అది, చెడిపోవడం కాదు. బ్లోయరుతో దుమ్ము ఊదించడానికి అయ్యే ఖర్చెంతో మీకు తెలుసు.

మ్యాక్‌లు మీ ల్యాబుల్లో తక్కువే అయినా, అధ్యాపకుల చేతుల్లో తరచు కనిపిస్తాయి, ‘నా మ్యాక్‌లో రాని సమస్య మీకెందుకు వస్తుంది’ అన్న మాట కూడా అక్కడి నుంచే వస్తుంది. మ్యాక్ సమస్యలు మ్యాక్‌కూ ఉన్నాయి. ఆపిల్ సొంత చిప్పులతో (ఆపిల్ సిలికాన్), 2020 నవంబరులో ఎం1తో మొదలైన మ్యాక్‌లలో పాత ఇంటెల్ ప్రోగ్రాములు రొసెట్టా 2 అనే అనువాదకుడి ద్వారా నడుస్తాయి. నడవడం నడుస్తాయి గానీ ఆ అనువాదానికి కొంత మూల్యం ఉంటుంది. బ్లెండర్ 4.5 వరకు ఇంటెల్ మ్యాక్‌కు ఒకటి, ఆపిల్ సిలికాన్‌కు ఒకటి అని రెండు వేర్వేరు ఫైళ్లుగా డౌన్‌లోడ్‌కు ఉండేవి, తొందరలో మొదటిది దించుకున్నవారు నాకు చాలామంది తెలుసు. యాక్టివిటీ మానిటర్‌లో ‘కైండ్’ అనే నిలువు వరుసలో బ్లెండర్ పక్కన ‘ఇంటెల్’ అని ఉందా, ‘ఆపిల్’ అని ఉందా అని చూస్తే తేలిపోతుంది. అదే మానిటర్‌లో మెమరీ పేజీ కింద ఉండే ప్రెషర్ గ్రాఫ్ పచ్చగా ఉన్నంతవరకు ఫరవాలేదు. పసుపు దాటి ఎరుపులోకి వెళ్తే మాత్రం ర్యామ్ చాలక డిస్క్‌ను అరువు తెచ్చుకుంటోందని అర్థం, ఆ మ్యాక్‌లలో ర్యామ్ తర్వాత వేయించుకునే వీలు లేదు కాబట్టి కొనేటప్పుడే చూసుకోవాలి. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఎం1 నుంచీ ఫ్యాన్ లేదు. పది నిమిషాల డెమోలో అది గుర్రంలా పరుగెత్తడం చూసి, మూడు గంటల క్లాసుకు అవే కొనకండి.

మ్యాక్ మీద బ్లెండర్ పాత వెర్షన్ పట్టుకుని కూర్చోవడం మరో పొరపాటు. ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ పద్ధతిని ఆపిల్ 2018లో, మొహావీ అనే మ్యాక్ ఓఎస్ వెర్షన్‌తో పాటు, ఇక వాడవద్దని పక్కన పెట్టింది. దాని స్థానంలో తన సొంత మెటల్‌ను ముందుకు తెచ్చింది. బ్లెండర్ తెరమీద బొమ్మ గీసే పనిని మ్యాక్‌లో మెటల్‌కు మార్చింది 2023లో వచ్చిన 3.5 వెర్షన్‌లో. అంతకుముందు వెర్షన్ వాడుతూ మ్యాక్ నెమ్మదిగా ఉందనడం, పాత బస్సు ఆపేసిన స్టాపులో నిలబడి బస్సు రాలేదనడం లాంటిది.

లినక్స్ విషయంలో నాకు కొంత పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను, ఎందుకంటే సిస్టమ్‌కు ఏమైందో అది దాచకుండా చెబుతుంది, అడగడం తెలియాలంతే. జీబ్రష్‌కు లినక్స్ వెర్షన్ లేదు కాబట్టి అక్కడ బ్లెండర్, 3డీకోట్ లాంటివే దిక్కు. ఉబుంటు అనే లినక్స్ ఎక్కించిన ఒక ల్యాబ్‌లో ఒక సోమవారం పొద్దున సగం సిస్టమ్‌లు ఉన్నట్టుండి మొరాయించాయి. జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో అనే చిన్న కమాండ్ కొట్టి చూస్తే, రెండరర్ అన్న చోట ఎన్విడియా పేరుకు బదులు ‘ఎల్‌ఎల్‌వీఎం పైప్’ అని వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు చేయాల్సిన పనంతా ప్రాసెసర్ నెత్తిన పడిందని దాని భావం. ఆదివారం రాత్రి కెర్నల్, అంటే లినక్స్ మూలభాగం, తనంతట తాను అప్‌డేట్ అయింది; కొత్త కెర్నల్‌కు తగ్గట్టు మళ్లీ తయారైన ఎన్విడియా డ్రైవరు మాడ్యూల్‌కు డిజిటల్ సంతకం లేదని, సిస్టమ్‌కు కాపలా కాసే సెక్యూర్ బూట్ దాన్ని లోపలికి రానివ్వలేదు. ఆ సంతకం తాళంచెవి ఒకసారి నమోదు చేస్తే సరిపోయింది. ఎన్విడియా సొంత డ్రైవరు వేయకుండా, లినక్స్‌తో పాటే వచ్చే నూవో డ్రైవరుతోనే నెట్టుకొస్తున్న ల్యాబులూ ఉన్నాయి. ఆఫీసు పనికి అది చాలు, 20 లక్షల ముఖాల బొమ్మకు చాలదు.

ఈ మూడు చోట్లా పనికొచ్చే ఒక మార్గం బ్లెండర్‌లోనే ఉంది. హెల్ప్ మెనూలో ‘సేవ్ సిస్టమ్ ఇన్ఫో’ నొక్కితే ఒక టెక్స్ట్ ఫైలు వస్తుంది, బ్లెండర్ ఏ గ్రాఫిక్స్ చిప్పుతో, ఏ డ్రైవరుతో పనిచేస్తోందో అందులో ఉంటుంది. ఆ దసరా ల్యాబ్‌లో ఎవరైనా ఆ ఫైలు తెరిచి చూసి ఉంటే నన్ను పిలిచే పనే ఉండేది కాదు.

ఇక నేను కోరుతున్న పరీక్ష. వేగం గురించి వాదన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు బ్లెండర్ బెంచ్‌మార్క్ స్కోరు చూపిస్తారు. అది బ్లెండర్‌లోని సైకిల్స్ అనే భాగంతో రెండరింగ్ ఎంత వేగంగా జరుగుతుందో కొలుస్తుంది, చెక్కడాన్ని కొలవదు. మనకు కావలసిన కొలత కోసం ఏదీ డౌన్‌లోడ్ చేయనక్కరలేదు. బ్లెండర్‌తో పాటే వచ్చే సుజాన్ అనే కోతి తల ఉంది కదా, దానికి 500 ముఖాలు: 468 చతుర్భుజాలు, 32 త్రిభుజాలు. దానికి ముఖాలను మెట్లుమెట్లుగా పెంచే మల్టీరిజల్యూషన్ మాడిఫయర్ వేసి ఒకసారి సబ్‌డివైడ్ చేస్తే 1,968 అవుతాయి, అక్కడి నుంచి ఒక్కో మెట్టుకూ నాలుగింతలవుతూ, ఆరో మెట్టులో 20,15,232 ముఖాలకు చేరుతుంది. ఆరో మెట్టులో ఫైలు సేవ్ చేసి, ప్రతి సిస్టమ్‌లోనూ అదే ఫైలు తెరిచి, ఒకే బ్రష్‌తో, ఒకే సైజుతో నుదుటి మీద ముందు మౌస్‌తో, తర్వాత పెన్నుతో పది వలయాలు చుట్టించండి. సెల్‌ఫోన్‌లో చేతినీ తెరనూ కలిపి వీడియో తీస్తే ఆలస్యం ఎంతో కంటికి కనిపిస్తుంది. బ్లెండర్ వెర్షన్ మాత్రం అన్నిటిలో ఒకటే ఉండాలి, ఎందుకంటే 2024 నవంబరులో వచ్చిన 4.3లో చెక్కే విధానం లోపలి నిర్మాణాన్నే తిరగరాశారు, దానికి ముందు వెర్షన్లతో పోల్చితే తేడా సిస్టమ్‌దో వెర్షన్‌దో తేలదు. విండోస్, లినక్స్‌లలో 4.0 నుంచి బ్లెండర్‌కు ఓపెన్‌జీఎల్ 4.3 తప్పనిసరి అయింది. అది లేని పాత కార్డులున్న వరుసను 3.6 దగ్గరే ఉంచి, విడిగా కొలవాలి.

ఇదే సుజాన్‌ను ఏడో మెట్టు ఎక్కిస్తే 80,60,928 ముఖాలు. ఇక్కడ అధ్యాపకులకు ఒక మాట చెప్పాలి, వాళ్లు నొచ్చుకోరనే ఆశిస్తున్నాను. ఏడో మెట్టులో బిందువుల సంఖ్య కూడా దాదాపు అంతే. ఒక్కో బిందువు స్థానానికి 12 బైట్ల చొప్పున ఒక్క స్థానాలకే సుమారు 97 మెగాబైట్లు కావాలి. బొమ్మ మొత్తాన్ని ఒక్కసారి నునుపు చేస్తే, వెనక్కి వెళ్లే వీలు కోసం పాత స్థానాలన్నీ దాచాలి. బ్లెండర్ మామూలుగా 32 అన్‌డూ మెట్లు గుర్తుంచుకుంటుంది కాబట్టి, కుదించకుండా దాచితే ఒక్క అన్‌డూకే 3 జీబీ దాటుతుంది. 8 జీబీ సిస్టమ్‌లో విండోస్‌కూ, పక్కన తెరిచిన క్రోమ్‌లో ఇరవై రిఫరెన్స్ ఫొటోలకూ పోగా మిగిలేదెంతో లెక్క వేసుకోవచ్చు. జీబ్రష్‌లో అన్‌డూ చరిత్ర ఫైలుతో పాటే సేవ్ అవుతుంది కాబట్టి, సెమిస్టర్ చివరికి ఫైలు ఎలుగుబంటిలా తయారై, క్విక్‌సేవ్ వచ్చిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టాల్సి వస్తుంది. అక్కరలేని చరిత్రను ఎడిట్ మెనూ నుంచి తొలగించవచ్చని రెండో సంవత్సరం విద్యార్థుల్లో కూడా చాలామందికి తెలియదు.

మొదట్లోనే పై మెట్లెక్కేసే ఈ అలవాటుకు మన శిల్పుల పద్ధతి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఆళ్లగడ్డలో రాయి చెక్కేవారిని గమనించండి: ముందు తాళమానం (అవయవాల కొలతల పద్ధతి) ప్రకారం గీతలు పడతాయి, ముఖం ఎక్కడ, నాభి ఎక్కడ, మోకాలు ఎక్కడ అన్నది తేలాక దిమ్మెలు దిమ్మెలుగా రూపం తెరుచుకుంటుంది, కిరీటం మీద ముత్యాల వరుస చిట్టచివరికి గానీ రాదు. మా పిల్లలు మొదటి రోజే ఏడో మెట్టెక్కి చర్మరంధ్రాలు చెక్కుతారు, భుజాల వెడల్పు తప్పిందని వారం తర్వాత తెలుస్తుంది, అప్పుడు 80 లక్షల ముఖాలను మూవ్ బ్రష్‌తో లాగుతూ సిస్టమ్‌ను తిడతారు. రెండో మెట్టుకు దిగి భుజం సరిచేస్తే, ఆ సవరణ పై మెట్లన్నిటికీ తనంతట తానే అందుతుంది. మల్టీరిజల్యూషన్ ఉన్నదే అందుకు. చెక్కని భాగాలను దాచేయడం, మల్టీరిజల్యూషన్ తర్వాత వేసిన ఇతర మాడిఫయర్లను చెక్కేటప్పుడు ఆపేయడం, చెక్కే చోటే కొత్త ముఖాలను పుట్టించే డైన్‌టోపోను రూపం వెతుక్కునే దశ దాటాక మానేయడం కూడా క్లాసులో నేర్పవలసినవే, సిలబస్‌లో ఎక్కడా లేకపోయినా.

మీ వల్ల మాత్రమే అయ్యే పనులు కొన్నున్నాయి. చాలా ల్యాబుల్లో, రీస్టార్ట్ చేస్తే సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ వేసి ఉంటుంది. వైరస్‌ల భయంతో వేశారు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఒక సంస్థలో నేను సాయంత్రం ఆరు దాకా కూర్చుని ఎక్కించిన డ్రైవర్లన్నీ పొద్దున తొమ్మిదికి మాయమయ్యాయి, ఆ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ తెలిసిన ఉద్యోగి ఎప్పుడో మానేసి వెళ్లిపోయాడు. ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో ఈరోజే కనుక్కోండి. సెమిస్టర్‌కు ఒకసారి ఆ తాళం తీసి, డ్రైవర్లు సరిచూసి, మళ్లీ వేసే తేదీని కాలెండరులో పెట్టించండి. ప్రతి సిస్టమ్‌కూ ఒక నోట్‌బుక్ పేజీ కేటాయించి, పరీక్ష చేసిన తేదీ, బ్లెండర్ వెర్షన్, సిస్టమ్ ఇన్ఫోలో కనిపించిన గ్రాఫిక్స్ పేరు, మౌస్‌తో ఎలా ఉంది, పెన్నుతో ఎలా ఉంది అన్న ఐదు ముక్కలు రాయించండి. ఎవరైనా కొత్త కంప్యూటర్ల కొటేషన్ తెస్తే, ముందు ఆ నోట్‌బుక్ తెరిచి చూపించమనండి. పరీక్షలన్నీ అయ్యాక కూడా సిస్టమే చాలదని తేలితే అప్పుడు నిరభ్యంతరంగా కొనండి, ఆ కాగితం మీద సంతకం పెట్టమని నేనే సిఫారసు చేస్తాను. మూడేళ్ల నా నోట్‌బుక్‌లో అలా నిజంగా చాలనివి కూడా ఉన్నాయి.

ప్రాక్టికల్ పరీక్షల గురించి మరొక్క మనవి. మూడు గంటల పరీక్షలో సిస్టమ్ నలభై నిమిషాలు కొయ్యబారితే, ఆ విద్యార్థి మార్కుల్లోంచి ఆ నలభై నిమిషాలు కోయడం న్యాయం కాదు. విద్యార్థి ఇచ్చే ఫైలుతో పాటు సిస్టమ్ ఇన్ఫో ఫైలు కూడా జత చేయించుకుంటే, దిద్దేవారికి ఆ బొమ్మ ఏ పరిస్థితిలో తయారైందో తెలుస్తుంది. నరసింహస్వామి జూలు చెక్కిన ఆ అమ్మాయికి ఇంటర్నల్‌లో, ‘వివరాలు అసంపూర్ణం’ అన్న వ్యాఖ్యతో 50కి 21 వచ్చాయి. కేబుల్ మార్చిన వారం తర్వాత అదే తలను ఆమె రెండు క్లాసుల్లో పూర్తి చేసింది. మార్కులు మాత్రం మారలేదు.

ఆ ల్యాబ్‌లో ఇప్పుడు మదర్‌బోర్డు మీది హెచ్‌డీఎంఐ పోర్టులన్నిటికీ ఎర్ర ఇన్సులేషన్ టేపు అంటించి ఉంది. మీ ల్యాబుల్లో కూడా వచ్చే దసరాకు సిస్టమ్‌లు విప్పే ముందే ఆ పని చేయించండి.

ఇట్లు,
భవదీయుడు,
మీ ల్యాబుల మధ్య తిరిగే ఒక టెక్నీషియన్